పళ్లు నూరేవాడు

అక్క పళ్లు తమ్ముడి చేతిలో ఉన్నాయి, రెండు ముక్కలుగా. పైసెట్టు ముందు రెండు పళ్ల సందులోంచి అంగిలి చివరిదాకా, ఎవరో గీత గీసి విరిచినట్టు విరిగింది. భోజనమయ్యాక కడుగుతుంటే చెయ్యి జారి తొట్లో పడిందట. ఆ మాటైనా ఆవిడ నోటితో చెప్పలేదు, సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసి చూపించింది, ఐదింటికి సభ, నాలుగున్నరకి కారొస్తుంది, ఎలాగోలా అతికించు అని, 'ఎలాగోలా' కింద రెండు గీతలు గీసి మరీ. ముప్ఫై ఏళ్లుగా పిల్లల కథలు రాస్తున్న మనిషి, మైకు కనిపిస్తే తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు దగ్గరికి లాక్కునే మనిషి, ఇవాళ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని గాజుతలుపు అవతల చెక్కకుర్చీలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. బోసినోరు తోడబుట్టినవాడికి కూడా చూపించదు. చూపించకపోతేనేం, ఆ నోటి అచ్చు పదకొండేళ్లుగా అతని అలమరలో మూడో అరలో ఉంది, పేరు రాసి, తేదీ వేసి. అక్క నోరు ఎంత వెడల్పో, అంగిలి ఎంత లోతో, ఏ పక్క చిగురు ఎక్కువ అరిగిందో ఆవిడకంటే అతనికే బాగా తెలుసు. ఆ నోరు ఎక్కడెక్కడ ఏమేం మాట్లాడి వచ్చిందో మాత్రం తెలియలేదు, నాలుగు రోజుల కిందటిదాకా.

గడియారం మూడూ నలభై. ముక్కలు రెండూ కలిపి, మైనం కరిగించి మూడు చోట్ల చుక్కలు పెట్టి నిలబెట్టాడు. కదలకుండా కింద ప్లాస్టర్ పోశాడు. అది గట్టిపడేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే. పది నిమిషాలు. ఈ పది నిమిషాలే చెడ్డవి, చేతికి పనుంటే బుర్ర ఊరుకుంటుంది, చెయ్యి ఖాళీ అయితే బుర్ర ఊరిమీద పడుతుంది. కోపమొస్తే లోకమంతా పళ్లు నూరుతుంది, అతను మాత్రం ముప్ఫై నాలుగేళ్లుగా అన్నం కోసం నూరుతున్నాడు, ఎవరి మీదా ఏమీ లేకుండా, చుట్టుపక్కల పళ్ల డాక్టర్లు పంపిన అచ్చుల్ని చూసి సెట్లు కట్టి, గరుకు తీసి, మెరుపు పెట్టి, డబ్బాలో సర్ది పంపడం. ఈ మూడు వారాల నుంచే ఆ నూరడమూ ఈ నూరడమూ ఒకటైపోయాయి. మోటారు తిరుగుతుంటే దవడ బిగుసుకుంటోంది. నిన్న ఎవరో పెద్దాయన దవడపన్ను రవంత గీయబోయి సగం గీసేశాడు, ఆ పెద్దాయనేం పాపం చేశాడు.

మూడు వారాల కిందట అక్కకి ఏదో సభలో పెద్దపీట వేశారు. చివర్లో ప్రశ్నలడగమంటే ఒక కాలేజీ అమ్మాయి లేచి, తాళాల మామయ్య ఎందుకు పెళ్లి చేసుకోలేదండీ అంది. తాళాల మామయ్య అంటే అక్క రాసిన ఏడు పుస్తకాల్లోనూ ఉండే మనిషి, వీధి చివర చిన్న గదిలో ఒక్కడే ఉంటాడు, ఎంత మొండి తాళమైనా తీస్తాడు, పిల్లలు పెట్టెలో పెట్టి మరిచిపోయిన బొమ్మల దగ్గర్నించి పెద్దవాళ్లు బిగించుకున్న మూతుల దాకా. మొదటి నాలుగింటిలో పడవ మామ అని పడవ నడిపే స్నేహితుడు శనివారం శనివారం చదరంగానికి వచ్చేవాడు. అక్క కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం అతనికి తెలుసు, చిన్నప్పుడు నాన్న ముందు అబద్ధమాడబోయేముందు జడ ముందుకేసుకునేది, ఇప్పుడు కళ్లజోడు. తుడుచుకుని, మైకు దగ్గరికి లాక్కుని, "తాళాల మామయ్య మగవాళ్లని ప్రేమించే మనిషి. పడవ మామ శనివారం శనివారం వచ్చేది చదరంగం ఆడటానికి కాదు. మొదటి పుస్తకం నుంచీ నాకు తెలుసు. అప్పట్లో రాసే ధైర్యం లోకం నాకివ్వలేదు," అంది. సగం హాలు లేచి నిలబడింది. ఎదురువీధి పళ్ల డాక్టరు ఆ వీడియో పంపాడు, మంచీ చెడూ ఏమీ రాయకుండా, ఉత్తది. అతను అప్పుడు ఇదే బల్ల దగ్గర ఇదే కుర్చీలో ఉన్నాడు. చూస్తూ చూస్తూ ఎడమచెవి లాక్కున్నాడు, లాక్కుంటున్నానని తెలిసి చెయ్యి దించేశాడు, ఎందుకంటే ఆ చెవి లాక్కోవడం కూడా ఆ ఏడు పుస్తకాల్లో ఉంది.

అన్నీ ఉన్నాయి. ఇబ్బందిలో పడ్డప్పుడు ఎడమచెవి లాక్కోవడం, చొక్కా జేబులో పిప్పరమెంట్లు, గుండీలు ఒకదానికొకటి పొంతనలేని పాత స్వెట్టరు, నడుస్తూ నడుస్తూ ఆగి గోడలతో మాట్లాడటం. చేసే పని ఒక్కటే మార్చింది అక్క, పళ్లు తీసేసి తాళాలు పెట్టింది, పళ్లు కట్టేవాడంటే పిల్లలకి అసహ్యంరా అని. మొదటి పుస్తకం అచ్చయిన నెలకే వీధిలో పిల్లలు కనిపెట్టేశారు. తాళాల మామయ్యా అని గాజుతలుపు మీద కొట్టడం, అతను లేచి వెళ్లి పగిలిన ప్లాస్టర్ అచ్చుల్లోంచి ఒక్కొక్క పన్నూ విరిచి ఇవ్వడం, ఏనుగు పన్నా మామయ్యా అని వాళ్లడగడం, కాదు, మీ హెడ్మాస్టరుది అని ఇతననడం. వీధి చివర బడివాళ్లు ఏటా రెండో తరగతి పిల్లల్ని వరసకట్టి తీసుకొచ్చేవాళ్లు. ఇరవై ఏడేళ్లు. ఆ పిల్లల పిల్లలు కూడా వచ్చారు. తనకి పిల్లల్లేరని ఎవరైనా అంటే అతను నవ్వేవాడు, నాకు లేరా, ఊరికి సరిపడా ఉన్నారు అని. ఒప్పుకోవాల్సిన మాట ఒప్పుకోవాలి, ఆ పిల్లల్ని ఇచ్చింది అక్కే. ఇచ్చిన చేత్తోనే లాక్కుంది.

ప్లాస్టర్ గట్టిపడింది. వేలితో తట్టి చూశాడు, మంచి చప్పుడు. మైనం తీసేసి, విరిగిన అంచులు రెండూ కాస్త వెడల్పు చేశాడు, పాత గాయాన్ని ముందు పెద్దది చేస్తేనే కొత్తది పట్టుకుంటుంది, ఇది పనిలో మొదటి రోజే నేర్పిన పాఠం. గులాబీరంగు పొడి కాస్త, ఘాటు మందు నాలుగు చుక్కలు, మళ్లీ పొడి, మళ్లీ చుక్కలు. ఆ ఘాటుకి కళ్లు నీళ్లొస్తాయి, వచ్చాయి. అవతల కుర్చీ కిర్రుమంది. అక్క గడియారం చూసుకుంటోంది, వీపు చూస్తేనే తెలుస్తోంది. నీ కంగారు నీకుంటుంది, కూర్చో. నేను పందొమ్మిదేళ్లు కూర్చున్నాను.

ఇరవై ఒకటో ఏట చెప్పాడు అక్కకి. ఇంకెవరికీ చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పే ప్రశ్నే లేదు. మేడమీద బట్టలు ఆరేస్తోంది అక్క, నోట్లో రెండు క్లిప్పులు పెట్టుకుని. ఇతను తడిదుప్పటి రెండో కొస పట్టుకుని, దుప్పటి మధ్యలో ఉండగానే, మొహాలు కనపడకుండా చెప్పేశాడు. తర్వాత అక్క క్లిప్పులు పెట్టేసి, దుప్పటి పక్కకి జరిపి, అతని తల పట్టుకుని, "నాతో అన్నావు, సరే. గాలితో కూడా అనకు," అంది. కళ్లలో నీళ్లున్నాయి, ప్రేమే అది, కాదనడు. అతను గాలితో కూడా అనలేదు. ముప్ఫై ఆరేళ్లు. పెదవి దాటితే పృథివి దాటుతుందని బెదిరించిన మనిషి, నోట్లో నువ్వుగింజ నానని మనిషి, అంతకాలం ఎలా నానబెట్టిందో తెలియదు, చివరికి ఊరి మధ్య, దీపాల కింద, చప్పట్ల కోసం ఉమ్మింది. పైగా ఆ రాత్రికి రాత్రే ఫోను, "నీకోసమే చెప్పానురా. ఎన్నాళ్లని ఆ చీకటిగదిలో ఉంటావు? తలుపు తీశాను," అని. తలుపు తీసేముందు తట్టాలక్కా. ఆ జవాబు అప్పుడు తోచలేదు, రెండు రోజుల తర్వాత స్నానం చేస్తుంటే తోచింది, జవాబులన్నీ అతనికి అలాగే తోస్తాయి, అడిగినవాళ్లు వెళ్లిపోయాక. అయినా చీకటిగది ఏది? అతను ఏ గదిలోనూ లేడు. కొట్లో ఉన్నాడు, కిటికీ పక్కన, మంచి వెలుతుర్లో, పళ్లు కట్టుకుంటూ.

ధైర్యం లోకం ఇవ్వలేదట. ఏ లోకం? ఏడు పుస్తకాలూ అటకమీంచి దించి మళ్లీ చదివాడు, ఒక్క మాట దొరుకుతుందేమోనని, మొదటి పుస్తకం నుంచీ తెలిసిన మనిషి ఎక్కడో ఒకచోట, ఒక్క కామాలోనైనా పెట్టి ఉంటుంది కదా అని. లేదు. తాళాల మామయ్యా పడవ మామా ఒకరి పక్కన ఒకరు కూర్చున్న బొమ్మ ఒకటుంది, మధ్యలో బల్ల. బల్ల మీద చదరంగం. పుస్తకంలో పెట్టే ధైర్యం లేదు, పుస్తకాలన్నీ అమ్ముడుపోయాక పుస్తకం బయట పెట్టే ధైర్యం ఉంది. పుస్తకంలో పెడితే దెబ్బ రాసినవాడికి తగులుతుంది, బయట పెడితే ఎవడి చెవి లాక్కునే అలవాటు ఎత్తుకొచ్చిందో వాడికి తగులుతుంది.

తగిలింది. పెద్ద గొడవేం కాలేదు, ఎవరూ రాయి వెయ్యలేదు, గోడమీద ఏమీ రాయలేదు. గొడవైతే బాగుండేది, కర్రపట్టుకుని బయటికొచ్చేవాడు. బడి నుంచి టీచరు ఫోను చేసి, ఈ ఏడు పిల్లల్ని తీసుకురాలేమండీ, వానలు కదా అంది. కిటికీలోంచి చూస్తే ఆకాశంలో మేఘమన్నది మందుకైనా లేదు, నిజమేనమ్మా, పిల్లలు తడుస్తారు అన్నాడు. పక్కవీధి ఆవిడ ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకొచ్చి కాగితం పొట్లం బల్లమీద పెట్టింది. విప్పితే ప్లాస్టర్ పన్ను, పోయిన నెల అతనిచ్చిందే. మా అమ్మాయి పెద్దదైపోయిందండీ, ఇలాంటివాటితో ఆడటం మానేసింది అంది. మానేసిన పిల్ల తల్లి వెనకాల నిలబడి ఆ పన్నువైపే చూస్తోంది. అక్క మాత్రం ఒక ఉత్తరం ఫొటో తీసి పంపింది, ఎవరో పందొమ్మిదేళ్ల అమ్మాయి రాసింది, బట్టల మిల్లులో పనిచేస్తుందట, నేనూ తాళాల మామయ్యలాంటిదాన్నే, చిన్నప్పుడు ఆ పుస్తకాలు ఎందుకంత ఇష్టమో ఇప్పుడు తెలిసింది, ఆ రోజంతా ఏడుస్తూ నవ్వాను అని. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ పిల్ల మీద కోపం రాదు, ఆ పిల్లకి మంచి జరిగితే కాదనలేడు, కానీ ఆ మంచి తన వీపుమీంచి దిగి వెళ్లిందనే సంగతి మాత్రం మింగుడుపడలేదు. అడిగి ఉంటే వంగేవాడేమో. అడగలేదే.

అతికించిన సెట్టుని గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పెట్టి మూత బిగించాడు. పదిహేను నిమిషాలు. నాలుగూ ఐదు. గాజుతలుపు అవతల అక్క లేచి నిలబడింది, గోడమీద అతను అంటించుకున్న బస్సుల వేళల కాగితం చదువుతోంది, పాతది, ఎప్పటిదో, ఇప్పుడా వేళలకి ఏ బస్సూ రాదు. చదువు. బాగా చదువు. ఏడో నంబరు ఎన్నింటికొచ్చేదో ఉంటుంది.

బస్సాయన, ఏడో నంబరు డ్రైవరు, అక్క పడవెక్కించి పడవ మామని చేసిన మనిషి, మొదటిసారి ఈ కొట్టుకి వచ్చింది విరిగిన పన్నుతో. సడన్ బ్రేకు వేస్తే స్టీరింగుకి మొహం కొట్టుకుని ముందుపన్ను సగం పోయింది, డాక్టరు పంపాడు, రంగు సరిపోయే పన్ను చూడమని. కిటికీ దగ్గర వెలుతుర్లో నిలబెట్టి, పెదవి పైకెత్తి, రంగులు ఒక్కొక్కటీ పెట్టి చూస్తుంటే ఆ మనిషి కదలకుండా, ఊపిరి కూడా తీయకుండా నిలబడ్డాడు, ఇతనికి ముప్ఫై రంగుల్లో ఏదీ కుదరలేదు. తర్వాత ఆ పెట్టిన పన్ను ఒక్క నెలలో నాలుగుసార్లు నొప్పిపెట్టింది. కట్టుడుపన్నుకి నొప్పేమిటండీ అని అడిగితే నవ్వాడు. ఆ నవ్వుతో మొదలు. తొమ్మిదేళ్లు, శనివారం శనివారం, డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చేవాడు, చంకలో పేపరు, పేపర్లో రొట్టె. ఏడో నంబరు హారను వీధి మలుపులో రెండుసార్లు మోగితే ఇతను టీ పెట్టేవాడు. చదరంగం ఆడేవాళ్లు కూడా, నిజానికి. అక్క అన్నట్టు చదరంగం కోసం కాదన్నది ఉత్తమాట. చదరంగం కోసమే వచ్చిన రోజులున్నాయి, గుర్రం ఎటు కదిలిందన్నదాని మీద మాటలు మానేసుకున్న వారాలున్నాయి, ఓడిపోతానని తెలిస్తే బస్సాయన మోకాలితో బల్ల కదిపేవాడు. తొమ్మిదేళ్ల కాపురంలో అది సగం. అక్క దాన్ని కూడా తుడిచేసింది, సభలో ఒక్క మాటతో, జనం చూడాలనుకున్న సగం ఉంచి.

ఒక శనివారం రాలేదు. టీ చల్లారింది. తర్వాతి శనివారం రాలేదు. మూడోవారం సిగ్గు విడిచి డిపోకి వెళ్లాడు, ఆయనే అడిగి బదిలీ చేయించుకున్నాడండీ అన్నారు, ఏ ఊరో చెప్పలేదు. అప్పట్నించి పందొమ్మిదేళ్లు ఇతను ఆ ఆఖరి శనివారాన్ని నెమరువేస్తూనే ఉన్నాడు. ఏమన్నాను? గుర్రం సంగతి ఎత్తానా? టీలో పంచదార ఎక్కువైందన్నప్పుడు విసుక్కున్నానా? వయసు మీదపడుతోంది నీకు అన్నాను, నవ్వుతూనే అన్నాను, అదేనా? మాటమాటా తీసి, సెట్టులో పన్నుపన్నూ చూసినట్టు చూశాడు, ఎక్కడ పగులుందో దొరకలేదు. ఆ మరుసటేడే అక్క ఐదో పుస్తకం వచ్చింది. అందులో పడవ మామ ఇక రాడు. ఎందుకు రావడం లేదని పిల్లలడిగితే తాళాల మామయ్య అంటాడు, నది వెడల్పయింది అని. ఆ వాక్యం చదివి ఎంత ఏడ్చాడో, అక్కకి ఎంత అర్థమైందో అని, మనసులో కాళ్లు పట్టుకున్నాడు. ఫోను చేసి, బాగా రాశావక్కా అన్నాడు. అవతల అక్క ఒక్కక్షణం ఆగి, నీకు నచ్చింది, చాలురా అంది. ఆ ఆగడం. ఆ ఒక్కక్షణం ఇప్పుడు వినిపిస్తోంది.

నాలుగు రోజుల కిందట, పొద్దున్న పది గంటలకి, ఫోను. "నేను," అన్నాడు అవతల మనిషి, "నేనంటే తెలిసిందా?" తెలియకపోవడమేమిటి. గొంతు ముసలిదైంది, అంతే. ఒక కొడుకున్న ఆవిడని చేసుకున్నాడట, ఆవిడ పోయి నాలుగేళ్లయిందట, ఇప్పుడు ఆ కొడుకు దగ్గరే ఉంటున్నాడట. మనవరాలు తాళాల మామయ్య పుస్తకాలు పెట్టుకునే నిద్రపోతుందట. అక్క సభలో అన్నమాట కొడుకు పేపర్లో చదివాడట, పెళ్లికి ముందు ఈయన ఏ ఊళ్లో ఏ బస్సు నడిపాడో గుర్తు చేసుకుని పడవ మామ ఎవరో లెక్కకట్టాడట, ఏమీ అనలేదట, పుస్తకాలు అటకెక్కించి, పిల్ల మంచం వేరే గదిలోకి మార్చాడట. అదంతా మామూలుగా, వేరేవాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పి, నీమీదకేమైనా వచ్చిందేమో కనుక్కుందామని చేశాను అన్నాడు. ఇతను అవేవీ పట్టించుకోలేదు, పందొమ్మిదేళ్ల ప్రశ్న ఒక్కటే అడిగాడు, ఎందుకు రావడం మానేశావని.

"మీ అక్క చెప్పలేదా?" అన్నాడు బస్సాయన. "డిపోకి వచ్చింది. నా చేతులు పట్టుకుంది. నాలుగో పుస్తకం బళ్లలో పాఠంగా పెడుతున్నారు, ఊళ్లో మాటొస్తే తీసేస్తారు, వాడి బతుకూ నా బతుకూ రెండూ పోతాయి అంది. నువ్వే పంపావనుకున్నా."

నువ్వే పంపావనుకున్నా. ఒకడు నేనేమన్నానని పందొమ్మిదేళ్లు, ఇంకొకడు వాడే పంపాడని పందొమ్మిదేళ్లు. మధ్యలో ఒకావిడ ఇంకో మూడు పుస్తకాలు రాసింది. తాను వెళ్లగొట్టిన మనిషినే మాటల్లో సభకి తీసుకొచ్చి, ఇతనే మా తాళాల మామయ్య ప్రేమించిన మనిషి అని చూపించి, ధైర్యానికి దండ వేయించుకుంటోంది, ఇవాళ ఐదింటికి.

గిన్నె మూత తీశాడు. సెట్టు ఒక్కటైంది. అతుకు చోట గరుకు తీసి మోటారు మీద మెరుపు పెడుతుంటే చెయ్యి దానంతటదే చేస్తోంది, మంచి పని, ఎక్కడ విరిగిందో అతనికే కనపడటం లేదు. అప్పుడు తోచింది. తోచిందనడం అబద్ధం, విరిగిన పళ్లు చేతిలో పెట్టినప్పట్నించీ అది అక్కడే ఉంది, గుమ్మంలో చెప్పులు విడిచి పిలుపు కోసం నిలబడినట్టు. దవడపళ్లు రవంత ఎత్తుచేస్తే మాటమాటకీ టకటకమంటాయి, ముసలి గుర్రం నడిచినట్టు. వద్దు, అది ఇంట్లోనే తెలిసిపోతుంది. అంచు కాస్త తగ్గిస్తే పట్టు వదిలి మాట మధ్యలో ఊడి బల్లమీద పడతాయి. వద్దు, జాలిపడతారు, జాలి కూడా ఆవిడకి చప్పట్లే. ముందుపళ్ల వెనక, నాలుక కొస వెళ్లి ఆగే చోట, సన్నటి గాడి ఒకటి. వెంట్రుకవాసి. నవ్వినా తిన్నా ఏమీ తెలియదు. స అన్నప్పుడే, శ అన్నప్పుడే, గాలి ఆ గాడిలోంచి పోయి ఈల వేస్తుంది. ఆవిడ ప్రసంగం అతనికి తెలుసు, వినక్కర్లేదు. సత్యం అంటుంది. సాహసం అంటుంది. సమాజం, స్వేచ్ఛ, సహృదయులు, సాహిత్యం. స లేకుండా అక్క నాలుగు వాక్యాలు మాట్లాడిన సభ లేదు. మాటమాటకీ ఈల, ఆరొందలమంది ముందు. మొదటి వరసలో ఎవడో పెదవి కొరుక్కుంటాడు. రెండో వరసలో ఎవరో తల దించుకుంటారు. మైకు దేన్నీ దాచదు.

సన్న సూదిమొన బిగించాడు. ముప్ఫై నాలుగేళ్లలో ఏ నోటికీ చెయ్యని పని. గీశాడు. గులాబీపొడి చిటికెడు రాలింది, ఊదేశాడు.

నాలుగుంపావు దాటింది. సెట్టు కడిగి, అరచేతిలో పెట్టుకుని గాజుతలుపు తీశాడు. అక్క మొహం విప్పారింది, రుమాలు వెనక నవ్వింది, చెయ్యి చాపింది. అతను ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని గుప్పిట మూశాడు.

"బస్సాయన ఫోన్ చేశాడక్కా," అన్నాడు.

ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాసేపటికి దిగింది. దిగిన చెయ్యి సంచిలోకి వెళ్లి నోటుపుస్తకం తీసింది, కలం తీసింది. ఇన్నేళ్లలో అక్కకి మాట తోచకపోవడం అతను చూడలేదు, ఇప్పుడూ తోచింది, కలం మూత ఊడదీసి రాయడం మొదలుపెట్టింది. గబగబా, ఒక లైను, రెండు లైన్లు. ఎంత బాగా రాస్తుందో అతనికి తెలుసు. రాసిందంటే ఏడిపిస్తుంది, ఒక్క కాగితంతో పందొమ్మిదేళ్లనీ చదును చేసేస్తుంది, చదివాక తనే ఫోను చేసి బాగా రాశావక్కా అంటాడు. వంగి, ఆ చేతిలోంచి కలం మెల్లిగా తీసేసుకున్నాడు.

"రాసింది చాలు. నోటితో చెప్పు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. రుమాలు ఇంకా గట్టిగా నొక్కుకుంది. బయట కారు వచ్చి ఆగింది, సభ వాళ్ల కుర్రవాడు కాదు, పెద్దాయనే, కార్యదర్శి, స్వయంగా దిగి గుమ్మం బయట నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. తమ్ముడు కదల్లేదు. గుప్పిట తెరవలేదు. అక్క ఒకసారి బయటికి చూసింది, ఒకసారి గుప్పిట వైపు చూసింది, చివరికి ఇతని మొహం వైపు చూసింది. రుమాలు దించింది. నోరు లోపలికి కుంగిపోయి, పెదవులు ముడతలుపడి, అచ్చం అమ్మ. ఆఖరి రోజుల్లో అమ్మ. ఆ దెబ్బ అతను లెక్కలో వేసుకోలేదు.

"హప్పయిపోయిందిరా," అంది.

అర్థమైంది. మొదటిసారే అర్థమైంది, పళ్లులేని నోళ్ల మధ్య బతికినవాడికి ఆ మాత్రం అర్థం కాకపోతే ఎలా. "ఏమన్నావు?" అన్నాడు.

"హప్పయిపోయిందిరా." ఈసారి ఉమ్మి తుళ్లింది, చేత్తో తుడుచుకుంది.

"వినపడలేదక్కా."

కార్యదర్శి తలుపు మీద వేలితో తట్టాడు. అక్క అటు తిరగలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గట్టిగా, ఒక్కొక్క ముక్కే, బోసిచిగుళ్ల మధ్య నాలుక ఎక్కడ ఆనించాలో వెతుక్కుంటూ చెప్పింది, హప్పయిపోయిందని, భయమేహిందని, ఆ రోజు డిపో నుంచి వస్తూ బహ్హులో ఏడ్చానని. బస్సు అనడానికి మూడుసార్లు ప్రయత్నించింది. కుదరలేదు. కళ్లు తుడుచుకోలేదు, కళ్లజోడు కూడా తీయలేదు.

చాలనుకున్నాడు, చాల్లేదు. లోపల గులాబీపొడి తడి ఇంకా ఆరలేదు, గాడి పూడ్చడానికి రెండు నిమిషాలు పట్టదు. అమ్మ మొహం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది, మూడుసార్లు చెప్పించుకున్నాడు, ఇంకేం కావాలి? కావాలి. తప్పయిపోయిందన్నది ఈ గదిలో, ఇద్దరి మధ్య, దుప్పటి చాటున. లాక్కున్నది వీధిలో. మనవరాలి మంచం వేరే గదిలో ఉంది. టీచరు వానలంటోంది. గుప్పిట విప్పి పళ్లు ఇచ్చాడు.

ఆవిడ అద్దం వైపు తిరిగి పెట్టుకుంది. మొహం మళ్లీ మొహమైంది. కొత్తగా పెట్టుకున్నవాళ్లందర్నీ అడిగినట్టే, ఏదైనా ఒక మాట అనమన్నాడు.

"శనివారం," అంది అక్క.

సన్నగా, దారం లాగినట్టు, ఈల. ఆవిడ ఆగిపోయింది. అద్దంలోంచి తమ్ముడి వైపు చూసింది. మళ్లీ అంది, "శనివారం." మళ్లీ ఈల. నాలుక కొస ముందుపళ్ల వెనక్కి వెళ్లి, అక్కడున్నదాన్ని తడిమి వచ్చిందని దవడ కదలికలో తెలిసింది. పదకొండేళ్లలో ఈ చేతులు ఒక్కసారి తప్పు చెయ్యలేదని ఆవిడకి తెలుసు, తెలుసని అతనికీ తెలుసు. సరిచెయ్యమని అడుగుతుందేమోనని చూశాడు. అడిగితే ఏం చేసేవాడో ఇప్పటికీ అతనికి తెలియదు. అడగలేదు. నోటుపుస్తకంలో రాసిన కాగితం చింపి, మడిచి, బల్ల మీద పెట్టబోయి, మళ్లీ ఏమనుకుందో సంచిలోనే వేసుకుంది. రుమాలు కూడా సంచిలో వేసుకుంది. జుట్టు సర్దుకుని బయటికి నడిచింది.

గుమ్మంలో కార్యదర్శి సిద్ధమేనా మేడమ్ అన్నాడు. సిద్ధమే అంది. ఈల విని ఆయన ఉలిక్కిపడి, వెంటనే మర్యాదకి దగ్గి, అయ్యో, కాస్త గాలి పోతున్నట్టుందండీ, లోపల చెప్పి సరిచేయించుకుని వెళదామా, పది నిమిషాలు ఆపుతాను సభ అన్నాడు.

"అక్కర్లేదు," అంది అక్క. గొంతు పైకెత్తి, లోపలికి వినపడేట్టే అంది. "మా తమ్ముడు చేసిన పళ్లు. సరిగ్గానే చేశాడు."

మూడు ఈలలు. కారు తలుపు పడింది. వీధి మలుపు తిరిగేదాకా తమ్ముడు అక్కడే నిలబడ్డాడు, చేతిలో అక్క కలం ఉండిపోయింది. ఇన్ని రోజులుగా ఎదురుచూసిన సంతోషం వచ్చింది, రాలేదనడం అబద్ధం, కడుపులో వెచ్చగా, ఘాటుగా, కళ్లకి నీళ్లొచ్చేట్టు వచ్చింది. లోపలికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, తర్వాతి అచ్చు చేతిలోకి తీసుకుని, మోటారు వెయ్యకుండా కాసేపు దాన్నే చూస్తూ, ఆ గాడి ఇంకో వెంట్రుకవాసి లోతుగా గీసి ఉండాల్సింది అనుకున్నాడు.